బరువు గదిలోకి ఒక్కరే

అనకాపల్లిలో బెల్లం మార్కెట్‌కి వెనక వీధిలో మా ఆరోగ్య కేంద్రం ఉంది. నేను అందులో ల్యాబ్ టెక్నీషియన్‌ని. పేరు దివ్య. రోజూ ఎలమంచిలి నుంచి పొద్దుటి రైలుకి వచ్చి, సాయంత్రం ఏ బస్సు దొరికితే ఆ బస్సెక్కి ఇంటికి వెళ్తాను. ఏడేళ్ళుగా ఇదే వరస. ఈ ఏడేళ్ళలో నా చదువుకన్నా ఎక్కువ నాకు నేర్పింది మా స్టాఫ్ నర్సు తలుపులమ్మ గారు. ఆవిడ గురించి రాస్తానంటే ముందు నవ్వింది. తర్వాత, "రాసుకో గానీ ఆ గుంట పేరు మార్చీయాల. ఊరు పేరైతే అసలు రాయొద్దు," అంది. మా వైపు పిల్లని గుంట అంటారు. అలాగే చేశాను.

తలుపులమ్మ గారికి యాభై నాలుగేళ్ళు. పొట్టిగా ఉంటుంది, గొంతు మాత్రం వీధి చివరిదాకా వినిపిస్తుంది. కోటవురట్ల దగ్గర చెరకు పండించే ఇంట్లో నలుగురు ఆడపిల్లల్లో మూడోది. ఊళ్ళో ఎవరికి దెబ్బ తగిలినా ముందు పరిగెత్తేది ఆవిడేనట. తోటి పిల్లలు రక్తం చూసి కళ్ళు మూసుకుంటే, ఈవిడ దగ్గరికెళ్ళి చూసేదట. "ఈ పిల్లకి భయం పెట్టలేదు దేవుడు, నర్సు చదివించీయండి," అని ఎవరో హెల్త్ విజిటర్ చెబితే తండ్రి విశాఖపట్నం పంపాడు. అక్కడ మూడేళ్ళు చదివినా భాష మాత్రం కోటవురట్లదే మిగిలింది.

భర్త సూర్యనారాయణ గారు వేబ్రిడ్జిలో పనిచేస్తారు. ఆయన పగలంతా లారీలు తూస్తారు, ఈవిడ పిల్లల్ని తూస్తుంది. "మా ఇంట్ల ఇద్దరిదీ కాటా పనే దివ్యా. ఆయనకాడ లారీ అబద్ధం సెప్పదు, నాకాడ గుంటలు అబద్ధం సెప్పరు. పక్కనున్నోళ్ళే సెప్తారు," అంటుంది.

ఆవిడ ఆ మాట ఊరికే అనలేదు. మా కేంద్రంలో ఆవిడ పెట్టిన నియమం ఒకటుంది. పదేళ్ళు దాటి ఇరవై లోపున్న పిల్లలెవరొచ్చినా, బరువూ ఎత్తూ చూసే గదిలోకి ఒక్కళ్ళే, అంటే తోడొచ్చిన పెద్దలు లేకుండా, వెళ్ళాలి. తల్లి వచ్చినా, మేనమామ వచ్చినా, వార్డు పెద్ద వచ్చినా బయటే కూర్చోవాలి. ఎంతసేపో కాదు, మూడు నాలుగు నిమిషాలు. ఆ కాసేపట్లో ఆవిడ బరువు రాసుకుంటూ కబుర్లు చెబుతుంది. పొద్దున్న ఏం కూర తిన్నావు, ఇంట్లో ఎవరెవరుంటారు, బయట కూర్చున్నావిడ నీకేమవుతుంది, ఆవిడ పేరేంటి, రాత్రి నిద్ర పడుతోందా, ఎవరైనా కొడుతున్నారా. వినేవాళ్ళకి అది పెద్దావిడ చాదస్తంలా ఉంటుంది. పిల్లలు కూడా అలాగే అనుకుని గలగలా చెప్పేస్తారు.

ఈ నియమం ఎందుకు పెట్టిందో ఒక్కసారే చెప్పింది. అప్పుడామె నాతవరం వైపు పనిచేసేది. ఒకరోజు పదిహేనేళ్ళ పిల్లని ఒకాయన చెయ్యి కాలిందని తీసుకొచ్చాడు. చిన్నాన్నని అన్నాడు. పిల్లని ఏమడిగినా ఆయనే జవాబు చెప్పాడు. కుక్కరు పేలిందన్నాడు. తలుపులమ్మ గారు కట్టు కట్టి, మూడు రోజుల్లో మళ్ళీ రమ్మంది. ఆ పిల్ల రాలేదు. తర్వాత వాకబు చేస్తే, ఆ ఇంటికి చిన్నాన్న అనేవాడే లేడని తెలిసింది. పోలీసులకి చెప్పారు, వెతికారు, దొరకలేదు.

"ఆ గుంట నా మొకం వైపే సూసింది దివ్యా. నాను కట్టు వైపు సూసేను," అంది.

ఆ తర్వాత విశాఖలో ఒకరోజు శిక్షణకి పంపారట. పిల్లల్ని మాయ చేసి తీసుకుపోయే వాళ్ళు ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక ఆసుపత్రి గడప ఎక్కుతారనీ, జ్వరమో, గాయమో, ఏదో సర్టిఫికెట్టో కావలసి వస్తుందనీ అక్కడ చెప్పారు. మీరు పోలీసులు కానక్కర్లేదు, ఆ పిల్లతో ఒంటరిగా రెండు మాటలు మాట్లాడండి, అనుమానముంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి, చాలు, అన్నారు. ఈవిడ తిరిగొచ్చి ఒక అట్ట మీద "బరువు గదిలోకి ఒక్కరే" అని స్కెచ్ పెన్నుతో రాసి గుమ్మానికి కట్టింది. మా కేంద్రానికి బదిలీ అయినప్పుడు ఆ అట్టని సంచిలో పెట్టుకుని వచ్చింది.

మొదట్లో గొడవలు చాలా అయ్యాయి. ఒక నాయనమ్మ గుమ్మంలో బైఠాయించి, "నా మనవరాలికి నాకు తెలీని గుట్టేటుంటాది?" అని అరగంట వాదించింది. తలుపులమ్మ గారు వాదించలేదు. "కోప్పడిపోతన్నావు మామ్మా, బీపీ ఎంతుందో సూద్దాం రా," అని నా బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చూస్తే నిజంగానే నూట ఎనభై ఉంది. ఆ రోజు నుంచి అదే అలవాటైంది. పిల్లలు లోపలికి, తోడొచ్చిన పెద్దలు నా దగ్గరికి. నాకు పని రెట్టింపైంది గానీ, బీపీ ఉందని తెలియకుండానే తిరుగుతున్నవాళ్ళు రెండేళ్ళలో పద్నాలుగు మంది బయటపడ్డారు. కొత్తగా వచ్చిన డాక్టర్ ఫరూఖ్ గారు ఆ లెక్క పైఆఫీసుకి పంపితే మెచ్చుకుంటూ కాగితం వచ్చింది. "నాను గుంటల కోసం ఆ అట్ట ఎడితే ముసిలోళ్ళు బాగుపడ్డారు," అని తలుపులమ్మ గారు మా అందరికీ వేడి జిలేబీ తెప్పించింది.

ఫరూఖ్ గారి గురించి కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ళవాడు, మహా మొహమాటస్తుడు. మందు చీటీ రాస్తూ రోగికి సారీ చెప్పే మనిషి. ఫోన్ మోగితే గది మూలకి వెళ్ళి గుసగుసగా మాట్లాడతాడు.

ఇక ఆ రోజు సంగతి. నిరుడు జూలైలో, మంగళవారం. పొద్దుటి నుంచి ముసురు. వరండా అంతా బురద. ఆయా గుల్జార్‌బీ అందరి చేతా మెట్ల దగ్గరే చెప్పులు విడిపిస్తోంది. తొమ్మిదిన్నరకి ఒకావిడ ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకుని వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి. శుభ్రమైన చుడీదార్, భుజానికి పెద్ద హ్యాండ్‌బ్యాగు, నోరు తెరిస్తే తేనె. పేరు లావణ్య అని చెప్పింది. వచ్చీరాగానే గుల్జార్‌బీకి మిఠాయి పెట్టె ఇచ్చింది.

"వీళ్ళిద్దరికీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్ కావాలండి. హోమ్ నర్సింగ్ ట్రైనింగ్‌కి సెలక్ట్ అయ్యారు. పదిహేను రోజుల ట్రైనింగ్, తర్వాత వెంటనే ఉద్యోగం. ఒంటిగంట రైలుకి వెళ్ళాలి. కాస్త తొందరగా చూడండి సిస్టర్," అంది.

తలుపులమ్మ గారు ఇద్దరిలో పెద్దదానిలా కనిపించిన అమ్మాయిని చూసి, "నీ పేరేటమ్మా?" అని అడిగింది.

"ధనశ్రీ అండి. ఆ అమ్మాయి గంగాభవాని," అని లావణ్య జవాబు చెప్పింది.

"ఎన్నేళ్ళు?"

"ఇద్దరికీ పంతొమ్మిది నిండాయండి." హ్యాండ్‌బ్యాగు తెరిచి రెండు ఆధార్ జిరాక్సులు ఇచ్చింది. పుట్టిన సంవత్సరం దగ్గర ఇంకు పులిమినట్టుంది.

"జిరాక్సు బాగా రాలేదు. ఒరిజినల్ కార్డులు ఈళ్ళకాడ ఉన్నాయేటి?"

"నా దగ్గరే ఉన్నాయి. పిల్లలు పారేసుకుంటారని నేనే దాచాను."

తలుపులమ్మ గారు తల ఊపింది. మొహంలో ఏ మార్పూ లేదు. గుమ్మానికున్న అట్ట చూపించి, "ఇద్దరూ లోపలికి రండమ్మా, బరువు సూత్తాను. మీరు ఆ దివ్యమ్మ కాడ కూకోండి. తోడొచ్చినోళ్ళకి బీపీ సూడడం ఇక్కడ పద్ధతి," అంది. నా వైపు తిరిగి, "తొందరేటి నేదు దివ్యా, సరిగ్గా సూడు," అంది. ఆ "సరిగ్గా" అన్న మాట కాస్త నొక్కింది. నాకు అర్థమైంది.

లోపల జరిగినదంతా తర్వాత తలుపులమ్మ గారూ, ధనశ్రీ చెప్పగా విన్నదే రాస్తున్నాను.

ముందు ఇద్దరికీ బరువు చూసింది. ధనశ్రీ ముప్పై తొమ్మిది కిలోలు. చెయ్యి పట్టుకుని, భుజం మీద సూది మచ్చ కోసం చూస్తున్నట్టు చూసి, "స్కూల్లో ఇంజక్షన్ ఏసేరా నీకు, పెద్దయ్యేక?" అని అడిగింది.

"ఏసేరండి. పదో తరగతిల. చెయ్యి రెండ్రోజులు నొప్పెట్టింది."

"ఎప్పుడేటి అది?"

"మొన్నే. పోయినేడు శీతాకాలంల."

అది ధనుర్వాతం రాకుండా పదహారో ఏట వేసే ఇంజక్షను. ఈ సంగతి లావణ్యకి తెలియదు, ఏ నర్సుకైనా తెలుసు. పోయినేడు ఆ ఇంజక్షను వేయించుకున్న పిల్లకి ఈ ఏడు పంతొమ్మిదెలా వస్తుంది? తలుపులమ్మ గారు పుస్తకంలో బరువు రాసి, పక్కన చిన్నగా చుక్క పెట్టింది.

"నర్సు ట్రైనింగంట కదా. నాకు బలే సంతోసంగున్నాది. ఏ ఊళ్ళో?"

ధనశ్రీ మొహం వెలిగిపోయిందట. "తెలీదండి. రైలెక్కేక సెప్తారంట. నానూ మీలాగే తెల్ల కోటేసుకుంటాను."

"బాగుంటాది. ఫోనున్నాదా నీకు?"

"లావణ్యక్క తీసుకున్నాది. అక్కడికెల్లేక కొత్తదిత్తాదంట."

"మరి మీ అమ్మకి ఈ మాటలన్నీ సెప్పేవా?"

ఇప్పటిదాకా గలగలా మాట్లాడిన పిల్ల తల దించుకుంది. గంగాభవాని గోడ వైపు తిరిగింది. ధనశ్రీ, "వైజాగుల బట్టల షాపుల పనని సెప్పమంది అక్క. ట్రైనింగంటే పంపరంట," అంది.

ఈ ధనశ్రీది నాతవరం వైపు ఒక చిన్న ఊరు. తల్లి పైడితల్లి, చెరకు తోటల్లో పనికి వెళ్తుంది. పిల్ల పదో తరగతి ఫస్టు క్లాసులో ప్యాసైంది. కాలేజీ దూరమని, బస్సు ఒక్కటేనని ఇంట్లో ఉండిపోయింది. నర్సు కావాలని చిన్నప్పటి నుంచి కోరిక. ఆ మాట ఫోన్లో ఎక్కడో రాస్తే, లావణ్య అక్కడే పరిచయమైంది. రెండు నెలలు రోజూ గుడ్ మార్నింగ్ పెట్టింది, బాగా చదువుతావు బంగారం అంది, పుట్టినరోజుకి డ్రెస్సు పంపింది. ఏ పిల్లకి ఏది ఇష్టమో కనుక్కుని దాన్నే చూపించి పిలవడం ఆవిడ పని.

తలుపులమ్మ గారు స్టూలు లాక్కుని కూర్చుంది. "అమ్మీ, నాను నర్సు సదువు మూడేళ్ళు సదివేను. పరీక్షలు రాసేను. రెండుసార్లు తప్పేను కూడా. చేరేముందు మా నాన్న కాలేజీకొచ్చి సంతకం ఎట్టేడు. పదిహేను రోజుల్ల, ఊరు పేరు సెప్పకుండా, అమ్మకి అబద్ధం సెప్పించి ఎవులూ నర్సుని సెయ్యరు. ఇది నర్సు సదువు కాదు తల్లీ."

ధనశ్రీకి కోపం వచ్చింది. "మీరు అయిపోయేరు కదా నర్సు. మాలాటోళ్ళయితే మీరు ఓర్వనేరు," అని లేచింది. తలుపులమ్మ గారు ఆపలేదు, తలుపుకి అడ్డం నిలబడలేదు. జేబులోంచి తన ఫోన్ తీసి చాపింది.

"ఎల్దువు గానీ. ఒక్క పని సెయ్యి. అమ్మకి నువ్వే ఫోన్ సేసి, ట్రైనింగుకి ఎల్తన్నానని నీ నోటితో సెప్పు. అమ్మ సరేనంటే నానే డాక్టర్‌బాబుకి సెప్పి సంతకం ఎట్టిత్తాను."

పిల్ల ఆ ఫోన్ అందుకుంది. తల్లి నంబరు ఒక్కటే నోటికొచ్చు. నొక్కింది. అవతల చెరకు తోటలో వాన చప్పుడు. "అమ్మా, నాను" అని ఫోన్ తలుపులమ్మ గారికి ఇచ్చేసింది. తలుపులమ్మ గారు ఫోన్ స్పీకరులో పెట్టి, తానెవరో, ఎక్కడున్నారో రెండు ముక్కల్లో చెప్పింది. పైడితల్లి అంతా వింది. తర్వాత, "అమ్మీ, ఆ సిస్టరమ్మ పక్కనుంచి కదలకు. నాను వచ్చీసేను అనుకో," అంది.

అప్పుడు గోడ వైపు నిలబడ్డ గంగాభవాని మొదటిసారి నోరు విప్పింది. "మా ఇంట్ల కూడా తెలీదండి. మాతో రావాల్సిన గుంటలు ఇంకో ముగ్గురు లాడ్జిల ఉన్నారు."

లోపల ఇదంతా జరుగుతుంటే బయట నా పరిస్థితి వేరు. లావణ్య చేతికి పట్టీ కట్టి గాలి కొడుతున్నాను. ఒకసారి చూశాను, నూట అరవై. "కాస్త ఎక్కువగా ఉందండి. పది నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి, మళ్ళీ చూస్తాను," అన్నాను. అబద్ధం కాదు, నిజంగానే ఎక్కువగా ఉంది. పాపం ఆవిడకి భయం వేసింది. "మా నాన్నకి కూడా ఉండేది. ప్రమాదమా?" అని అడిగింది. ఉప్పు తగ్గించమని చెప్పాను. ఆవిడ ఉప్పు గురించి రెండు ప్రశ్నలు అడిగింది. ఆ రెండు ప్రశ్నలకీ నేను ఎంత వివరంగా జవాబు చెప్పానో, నా ఉద్యోగంలో ఇంకెవరికీ అంత చెప్పలేదు.

ఇంతలో తలుపులమ్మ గారు పక్క తలుపులోంచి డాక్టరు గారి గదికి వెళ్ళి విషయం చెప్పింది. ఫరూఖ్ గారు టీకాల ఫ్రిజ్జున్న గదిలోకి వెళ్ళి 1098కి ఫోన్ చేశారు. ఎప్పటిలాగే గుసగుసగా మాట్లాడారు. ఆ అలవాటు ఆ ఒక్కరోజు మాత్రం పనికొచ్చింది. లాడ్జిలో ఉన్న ముగ్గురి సంగతి కూడా చెప్పారు. అరగంటలో మనుషులు వస్తారన్నారు.

కానీ లావణ్య అంతసేపు ఆగలేదు. రెండోసారి పట్టీ కట్టబోతే చెయ్యి వెనక్కి తీసుకుంది. "బరువు చూడడానికి ఇంతసేపా? సర్టిఫికెట్ వద్దులెండి, మేం వెళ్తాం," అని లేచి బరువు గది తలుపు తోసింది.

అక్కడ ఫరూఖ్ గారు నిలబడి ఉన్నారు. నేనాయన్ని అంత నిటారుగా ఎప్పుడూ చూడలేదు. "వాళ్ళిద్దరూ మైనర్లు. తల్లిదండ్రులు వచ్చేదాకా ఇక్కడే ఉంటారు. మీరు కూడా కూర్చోండి," అన్నారు. సారీ చెప్పలేదు.

ఆవిడ నవ్వు మాయమైంది. నా పలుకుబడి మీకు తెలియదంది, రేపటికి మీ ఉద్యోగాలుండవంది. ఫరూఖ్ గారు తలుపు దగ్గర్నుంచి కదలకపోయేసరికి గిరుక్కున తిరిగి మెట్ల దగ్గరికి వెళ్ళింది. అక్కడ చెప్పులు లేవు. ఆవిడవే కాదు, ఎవరి చెప్పులూ లేవు. వరండా అంతా తళతళలాడుతోంది. గుల్జార్‌బీ బకెట్టుతో నిలబడి ఉంది.

"నా చెప్పులేవి?"

"సబర్ కరో బేటీ, కాసేపు ఆగు. వానకి తడిసిపోతాయని లోపల ఎట్టేను."

"లోపల ఎక్కడ?"

గుల్జార్‌బీ ఆలోచించింది. "మందుల గదిలనా? కాదు. జనరేటరు కాడేమో. నాకు ఈ మద్దెన మతిమరుపు."

జనరేటరు గది తాళం చెవి గుల్జార్‌బీ నడుముకే ఉంది. ఆ తాళం చెవుల గుత్తిలో ఇరవై చెవులున్నాయి. ఒక్కొక్కటీ పెట్టి చూసింది. కొత్త చెప్పులట, మంచి ఖరీదైనవట, లావణ్య వదులుకోలేకపోయింది. చివరికి విసిగి ఉత్తకాళ్ళతోనే బురదలోకి దిగి గేటు దాకా వెళ్ళింది. అప్పటికే గేటు ముందు ఆటో ఆగింది. అందులోంచి పిల్లల సంరక్షణ విభాగం అమ్మాయి ఒకరు, ఇద్దరు మహిళా కానిస్టేబుళ్ళు దిగారు.

హ్యాండ్‌బ్యాగులో అయిదు ఆధార్ కార్డులు, అయిదు ఫోన్లు దొరికాయి. లాడ్జిలో ఉన్న ముగ్గురు పిల్లల్ని మధ్యాహ్నం లోపే తీసుకొచ్చారు. వాళ్ళలో చిన్నదానికి పద్నాలుగేళ్ళు. పొద్దుటి నుంచి వాళ్ళేం తినలేదని తెలిసి గుల్జార్‌బీ ఆ మిఠాయి పెట్టె వైపు చూసి, దాన్ని కానిస్టేబుల్ చేతికిచ్చి, ఇంటికెళ్ళి అన్నం, పప్పు వండి తీసుకొచ్చింది. ట్రైనింగ్ ఎక్కడా లేదు. వాళ్ళని ఎక్కడికి తీసుకుపోబోయారో, ఎందుకో పోలీసులు కనుక్కున్నారు. అది ఇక్కడ రాయను. కేసు నడుస్తోంది.

పైడితల్లి వచ్చేసరికి పన్నెండు దాటింది. రెండు ఆటోలు మారి, మోకాళ్ళదాకా బురదతో, తలకి ప్లాస్టిక్ సంచి కప్పుకుని వచ్చింది. ధనశ్రీ బల్ల చివర ముడుచుకుని కూర్చుంది. దెబ్బ పడుతుందని తల కూడా ఎత్తలేదు. పైడితల్లి పక్కన కూలబడి, పిల్ల జుట్టు వెనక్కి తోసి, "తిన్నావేటే?" అని అడిగింది. అప్పుడు ఏడ్చింది ధనశ్రీ. నేను ల్యాబ్‌లోకి వెళ్ళి స్లైడ్లు కడుగుతున్నట్టు నటించాను.

వెళ్ళేముందు తలుపులమ్మ గారు తల్లిని పక్కకి పిలిచింది. "గుంటని తిట్టకు పైడితల్లీ. సదువుకోవాలనుకున్నాది, అది తప్పు కాదు. అబద్ధం ఆడింది ఆ మనిసి. ఊళ్ళో ఎవులడిగినా జ్వరానికి ఆసుపత్రికెల్లేమని సెప్పు. మిగతాది ఎవులికీ అక్కర్లేదు."

"మరి సదువు సంగతేటండి?" అంది పైడితల్లి. "బస్సు ఒకటే కదా. అందుకే ఆపేను. దానికి అంత కోరికున్నాదని నాకు తెలీదు."

"హాస్టలున్నాది. వచ్చే సోమవారం నానొత్తాను," అంది తలుపులమ్మ గారు.

నిజంగానే వెళ్ళింది. సెలవు పెట్టి, సూర్యనారాయణ గారి బండి మీద నాతవరం వైపు వాళ్ళ ఊరు వెళ్ళి, తల్లినీ కూతుర్నీ వెంటబెట్టుకుని కాలేజీలో ఇంటర్ బైపీసీలో చేర్పించి, హాస్టల్ వార్డెన్‌తో అరగంట మాట్లాడి వచ్చింది. ఆ వార్డెన్‌కి ఇప్పటికీ వారానికోసారి ఫోన్ చేస్తుంది. గంగాభవాని కుట్టు నేర్చుకుంటానంటే అదీ చూసిపెట్టారు, పిల్లల సంరక్షణ వాళ్ళు.

ఈ సంగతి పైఆఫీసులో తెలిశాక, మండలాల్లోని నర్సులకీ, ఆశా కార్యకర్తలకీ చెప్పమని తలుపులమ్మ గారిని పిలిచారు. కోటవురట్లలో మొదటి సమావేశం. సొంత ఊరి పక్కన కాబట్టి పట్టు చీర కట్టుకుంది. అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు, నలభై నిమిషాలు మాట్లాడింది. ఎవరూ లేవలేదు.

"మనం సీఐడీలం కాదు," అని మొదలుపెట్టింది. "మనకి తెలిసింది ఒళ్ళు సూడడం. ఆ పక్కనే మనిసిని కూడా సూడాల. గుంట మాటాడకుండా పక్కోళ్ళు మాటాడతన్నారా? కార్డూ ఫోనూ ఎవులి సేతిల ఉన్నాయి? తనెక్కడికెల్తన్నాదో తనకి తెలుసా? గాయానికీ సెప్పే కథకీ పొత్తు కుదురుతున్నాదా? తిట్టొద్దు, బెదిరించొద్దు. నీదే తప్పన్నారంటే ఇంక ఆ గుంట నోరిప్పదు. ఒక్కదాన్నే కూకోబెట్టి కబుర్లాడండి. అనుమానమొత్తే ఫోన్ సెయ్యండి. మగపిల్లలయినా అంతే. ఆళ్ళనీ తీసుకుపోతారు."

వెనక వరసలో ఒక కొత్త ఆశా కార్యకర్త లేచి, "అనుమానం తప్పయితే ఏటవుతాదండి?" అని అడిగింది.

"ఏటవుతాది? ఎవులో ఒకలు మన మీద కోప్పడతారు. కోపం రెండ్రోజుల్ల సల్లారిపోతాది."

ఆ మాటకి పరీక్ష కూడా వచ్చింది. నెల తిరక్కుండా ఆ ఆశా కార్యకర్త దగ్గర్నుంచి మధ్యాహ్నం భోజనాల వేళ ఫోన్. పదిహేనేళ్ళ కుర్రాడిని ఎవరో బాబాయినంటూ తీసుకొచ్చాడు, కుర్రాడు మాట్లాడటం లేదు. తలుపులమ్మ గారు పెరుగన్నం ముద్ద చేతిలో పట్టుకునే ఏం అడగాలో చెప్పింది. గంట తర్వాత మళ్ళీ ఫోన్. ఆయన నిజం బాబాయే. కుర్రాడికి పన్ను నొప్పి, నోరు తెరవలేకపోయాడు. బాబాయి మాత్రం ఊరంతా వినేలా అరిచి వెళ్ళాడు. తలుపులమ్మ గారు కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. "మంచి పనే సేసేవు. బాబాయి బాబాయే అయితే అంతకన్నా కావాల్సిందేటి? రేపు ఆళ్ళింటికెల్లి పన్ను ఎలగుందో అడిగిరా," అంది. మర్నాడు వెళ్తే ఆ బాబాయే కాఫీ ఇచ్చాడట.

ఇప్పుడు ధనశ్రీ ఇంటర్ రెండో సంవత్సరం. సెలవుల్లో మా కేంద్రానికి వచ్చి కాసేపు కూర్చుని వెళ్తుంది. బరువు నలభై ఆరు కిలోలకి పెరిగింది. పోయిన శనివారం వచ్చినప్పుడు నేను మలేరియా స్లైడు చూస్తుంటే పక్కన నిలబడింది. చూస్తావా అంటే మైక్రోస్కోపు మీదికి వంగింది. ఎంతసేపటికీ తల ఎత్తదు. రక్తకణాలు ఇలా ఉంటాయా, ఈ గుండ్రటివి ఏంటి, ఈ ఊదా రంగుది ఏంటి, అని ప్రశ్న మీద ప్రశ్న.

చివరికి తల ఎత్తి, "అక్కా, నాను ల్యాబ్ కోర్సు సదువుతాను," అంది.

అప్పుడే తలుపులమ్మ గారు రిజిస్టరుతో లోపలికి వచ్చింది. ఆ మాట విని గుమ్మంలో ఆగిపోయింది. "ఏటే, ఇన్నాళ్ళూ నర్సు నర్సని నా పేణం తీసి, ఇప్పుడీ దివ్య కాడికి ఫిరాయించీసేవా?"

"నర్సయితే రోజంతా నిలబడాలండి. ఇక్కడ కుర్చీ ఉన్నాది," అంది ధనశ్రీ.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. తలుపులమ్మ గారు మూతి ముడిచి, రిజిస్టరు నా బల్ల మీద పడేసి వెళ్ళిపోయింది. అయిదు నిమిషాల్లో మళ్ళీ వచ్చింది. ఏ కాలేజీల్లో ల్యాబ్ కోర్సు ఉందో, దరఖాస్తు ఎప్పుడు పెట్టాలో నన్ను అడిగి, ఒక కాగితం మీద వరసగా రాసుకుంది.